వస్తానని వెళ్ళినవాళ్ళ పుస్తకం

చదివేవారికి ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది అరవై నాలుగో ఏట. ఒత్తులు నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు. 'ళ' రాయాల్సిన చోట 'ల' రాస్తాను, మళ్ళీ దిద్దుతాను, దిద్దిన చోట కాగితం చిరుగుతుంది. ఈ కథకు నాకు నాలుగు నెలలు పట్టింది. మీరు ఒక్క పూటలో చదివి పక్కన పెట్టేస్తే నేనేమీ అనుకోను. తప్పులుంటే మన్నించండి. రాయాలన్న పౌరుషం మాత్రం నాకు ఒక కచేరీవాళ్ళు కలిగించారు. అన్నేళ్ళూ వేలిముద్ర వేసినదాన్ని మొదటిసారి సంతకం చేసి చూపిస్తే, "ఇది మీ పాత వేలిముద్రతో సరిపోవడం లేదమ్మా" అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఇంటిబాట దొర నా మనసులో పుట్టాడు.

ఆ దొర అసలు పేరు వింటర్‌బాటమ్. గవ్వలరేవు దండులో ఆ పేరును తిన్నగా పలికే నోరు ఒక్కటి కూడా లేదు. మొదట 'ఇంటరుబాటం' అన్నారు. కొన్నాళ్ళకు మధ్యలోది జారిపోయింది, ఇంకొన్నాళ్ళకు చివర సున్న అరిగిపోయింది, ఇంటిబాట దొర మిగిలాడు. ఆయన పుణ్యమా అని దండులో ఎవరూ ఇంటిబాట పట్టలేకపోవడం తర్వాతి సంగతి.

అవి ఈస్టిండియా కుంఫిణీవారి రోజులు. గవ్వలరేవులో ఓడలు ఒడ్డుదాకా రావు. దూరంగా లంగరు వేస్తే మసూలా పడవలు వెళ్ళి మనుషుల్ని తెస్తాయి. ఆ పడవలు కూడా ఇసుకకు తగలవు, నడుములోతు నీళ్ళలోనే ఆగుతాయి. అక్కడినుంచి దొరల్ని భుజాన ఎత్తుకొచ్చి ఒడ్డున దించడానికి పటాలంలోంచి ఒక సిపాయిని వేసేవారు. ఆ ఏడు ఆ పని దాలయ్యది. దాలయ్యకు ఇరవై రెండేళ్ళు, ఎర్రమెట్ట అనే ఊరివాడు, చేరి రెండేళ్ళయింది.

ఇంటిబాట దొరకు అప్పుడు పద్దెనిమిది. తాటాకంత బరువు. దాలయ్య ఆయన్ని ఎత్తుకొచ్చి పొడి ఇసుక మీద దించి, పెట్టె తెచ్చి పక్కన పెట్టి, సలాము కొట్టి, "ఎల్లొత్తాను దొరా" అని వెళ్ళిపోయాడు.

కుర్రదొర ఓడలో వచ్చిన ఐదు నెలలూ ఒక చిన్న పుస్తకం చదువుతూ వచ్చాడు. అందులో 'వచ్చుట' అనే మాట మూడో పుటలోనే ఉంది. సిపాయి వస్తానన్నాడు. కనుక వస్తాడు. ఆయన పెట్టె మీద కూర్చుని ఎదురుచూశాడు. పొద్దెక్కింది. ముక్కు ఎర్రబడింది, తర్వాత పొక్కింది. దండునుంచి ఎవరో వచ్చి చెయ్యి పట్టి లేపబోతే, "నా మనిషి వచ్చెదనని పలికెను" అని కదలలేదు. పొద్దుగూకేవేళకు ఆయన్ని పెట్టెతో సహా మోసుకుపోయారు.

మర్నాడు దాలయ్యను పిలిపించారు.

"నీవు వచ్చెదనని పలికితివి. ఏల రాలేదు?"

దాలయ్య బిత్తరపోయాడు. "నానొత్తానని ఎప్పుడన్నాను దొరా? ఎల్లొత్తానన్నాను."

"అందులో వచ్చుట కలదా, లేదా?"

ఉంది. దాలయ్య తల దించుకున్నాడు. అబద్ధమాడని మనిషని అతనికి దండులో పేరు. శిక్షగా అతన్ని ఆ దొరకే నౌకరుగా వేశారు. ఆ శిక్ష ఇరవై ఆరేళ్ళు సాగింది.

దొరకు తెలుగు నేర్పడానికి జోగయ్య పంతులు అనే మునిషీ వచ్చేవాడు. కుంఫిణీలో పైకి రావాలంటే దేశభాషలో పరీక్ష ఇవ్వాలి. ఒకనాడు దొర ఆయన్ని అడిగాడు, దాలయ్య వెనకనుంచి పంకా లాగుతూ విన్నాడు.

"పంతులూ, వీరు పోవునపుడు వచ్చెదమని ఏల పలుకుదురు?"

"పోతాను అనరాదండి."

"ఏల అనరాదు? పోవుచున్నారు గదా."

పంతులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పోవడమంటే... పోవడమేనండి." అని వేలు పైకి చూపించాడు.

దొర పైకి చూశాడు. దూలం మీద ఒక బల్లి ఉంది.

"మేడమీదికా?"

పంతులు ఆ పూటకు వ్యాకరణంలోకి దిగిపోయాడు.

దొర పరీక్ష నెగ్గాడు. నెగ్గి, చెన్నపట్నానికి ఒక నివేదిక రాశాడు. దాన్ని తెలుగులోకి దించింది పంతులే కనుక దండంతటికీ తెలిసింది. "ఈ దేశపు జనులు దినమునకు సగటున పదునొకండు మారులు వచ్చెదమని వాగ్దానము చేయుచు, అందు పదింటిని భంగపరచుచున్నారు. వాగ్దానభంగమే సకల అవిధేయతకును మూలము. దీనిని మొదటనే త్రుంచినయెడల రాజ్యము సుస్థిరమగును." చెన్నపట్నంవారికి చదవడానికి తీరిక లేదు, మెచ్చుకోవడానికి ఉంది. "తమ పరిశీలన మిక్కిలి శ్లాఘనీయము. తగు చర్య గైకొనవలసినది" అని జవాబు రాశారు. దొర లెఫ్టినెంటు అయ్యాడు.

తగు చర్య ఏమిటంటే, దండు గేటు దగ్గర ఒక బల్ల, బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం, పుస్తకం వెనక ఒక గుమాస్తా. ఎవరైనా వస్తాను అని గేటు దాటితే ఏ రోజు వస్తారో రాయించాలి. రాకపోతే సిపాయిలు వెళ్ళి తీసుకురావాలి.

మొదటి నెలలో గాజులు అమ్ముకునే ఆమెను రెండుసార్లు తెచ్చారు. ఆమె గాజులన్నీ దారిలోనే పగిలాయి. పూరీ జగన్నాథానికి సగం దూరం నడిచిన బైరాగిని వెనక్కి నడిపించుకొచ్చారు. "ఎల్లొత్తాను తల్లీ" అని ఆయన నోటితోనే అన్నాడని ఇద్దరు సాక్ష్యం చెప్పారు. బైరాగికి కోపం రాలేదు. "జగన్నాథుడు కూడా ఇంత పట్టుగా పిలవలేదు నాయనా" అని బిచ్చం అడిగాడు.

సుబేదారు గుంపస్వామి అత్తగారి సంగతి వేరు. ఆమె కూతుర్ని చూసుకుని వెళ్తూ గేటు దగ్గర, "ఎల్లొత్తాను నాయనా" అంది.

"ఎప్పుడు?" అన్నాడు గుమాస్తా.

"ఎప్పుడని సెప్పను? దేవుడెప్పుడు రాస్తే అప్పుడు."

గుమాస్తా 'దేవుడు రాసినప్పుడు' అని రాశాడు. ఆ పుట దొర దగ్గరకు వెళ్ళింది. దొర దాన్ని కొట్టేసి పక్కన రాశాడు: "దేవుడు వ్రాయువరకు పటాలము ఆగజాలదు. దినము చెప్పని వారందరికిని బుధవారము." అప్పటినుంచి ప్రతి బుధవారం నలుగురు సిపాయిలు డోలీ వేసుకువెళ్ళి సుబేదారు అత్తగారిని తెచ్చారు. మొదటి రెండు బుధవారాలు ఆమె సిగ్గుపడింది. మూడో బుధవారం సిపాయిలకు పెరుగన్నం పెట్టింది. ఐదో బుధవారానికి తానే మంచం, మరచెంబు సర్దుకుని సిద్ధంగా కూర్చుంది. రానూపోనూ ఎందుకని ఎనిమిది నెలలు అల్లుడింట్లోనే ఉండిపోయింది. యుద్ధంలో రెండు గాయాలు తిన్న సుబేదారు దొర ముందు చేతులు కట్టుకుని నిలబడి కన్నీళ్ళు పెట్టుకోవడం దాలయ్య కళ్ళారా చూశాడు.

"ఆమె సత్యవాక్యము పాలించుచున్నది," అన్నాడు దొర. "నీవు గర్వపడవలెను."

ఆ ఏడు ఆయన కెప్టెన్ అయ్యాడు.

జ్వరంతో ఆస్పత్రిలో ఉన్న నాయకు చుక్కన్న పెళ్ళాంతో చివరి మాటగా "ఎల్లొత్తాను" అని కళ్ళు మూశాడు. విచారణలో ఆ మాట బయటపడింది కనుక అతని పేరు హాజరుపట్టీలోంచి కొట్టలేదు. మూడేళ్ళు రోజూ పొద్దున్నే "చుక్కన్న!" అని పిలిచారు. ఆ ఒక్కటీ దొర చేసిన పనుల్లో మంచిదని దాలయ్య లోపల అనుకునేవాడు. చుక్కన్న పెళ్ళాం గేటు బయట నిలబడి ఆ పిలుపు విని వెళ్ళేది.

చెన్నపట్నంనుంచి జనరల్ తనిఖీకి వచ్చాడు. పుస్తకాలు చూపించారు. అవి అప్పటికి పంతొమ్మిది.

"ఇతర స్థలములలో సిపాయిలు పారిపోవుచున్నారు. ఇచ్చట ఎందరు పోయిరి?" అన్నాడు జనరల్.

"ఇచ్చట ఎవరును పోలేదు. అందరును వచ్చుచున్నారు," అన్నాడు దొర.

జనరల్ ఆ ముక్కను పక్కవాడిచేత రాయించుకున్నాడు. దొర మేజరయ్యాడు, ఆ తర్వాత కర్నలయ్యాడు. ఆయనకు మీసం నెరిసింది, ఒళ్ళు వచ్చింది. దాలయ్య హవల్దారయ్యాడు. అతనికీ మీసం నెరిసింది, ఒళ్ళు మాత్రం రాలేదు.

ఇరవై అయిదేళ్ళ నౌకరీ నిండింది కనుక దాలయ్య విడుదల అడిగాడు. అతనికి కావలసినది పెద్దదేమీ కాదు. ఎర్రమెట్టలో ఇంటి వెనక, ఏనాడో పెళ్ళాం పోలమ్మ, తనూ కలిసి ఒక పనసచెట్టు నాటారు. అది ఏడేళ్ళుగా కాస్తోంది. దాని కాయ ఒక్కటి కూడా వాళ్ళు తినలేదు. ఏటా బావమరిది ఎవరిచేతో కబురంపేవాడు: "ఈ ఏడు ఇరవై కాయలు. తేనెలాగున్నాయి." పోలమ్మ ఆ కబురు విన్న రోజు వంట చేసేది కాదు.

విడుదలకు నియమం ఉంది. పోయేవాడు దొర ముందు నిలబడి, ఇద్దరు సాక్షులు వినేట్టు, 'పోతాను' అని పలకాలి. వస్తాను అంటే పేరు కొట్టరు. ఈ నియమం పెట్టి పదేళ్ళయింది. పదేళ్ళలో పటాలంనుంచి ఒక్కడూ విడుదల కాలేదు. డెబ్బై ఏళ్ళవాళ్ళు తుపాకీ పట్టుకుని కవాతు చేస్తున్నారు.

దాలయ్య ధైర్యం చేశాడు. విడుదల కాగితం తలపాగాలో పెట్టుకుని కచేరీలోకి వెళ్ళాడు. పోలమ్మ మూట, రెండు కోళ్ళు పట్టుకుని గుమ్మం బయట నిలబడింది.

"పలుకుము," అన్నాడు దొర.

దాలయ్య గొంతు సవరించుకున్నాడు. "నాను... నాను పో..."

"ఓలమ్మో!" అంటూ పోలమ్మ కోళ్ళతో సహా లోపలికి వచ్చిపడింది. "ఏటంతన్నావు నువ్వు? నా పుస్తెలు ఏటవ్వాలనుకున్నావు? ఆ మాట నీ నోట్లోంచి వొచ్చిందంటే నాను ఇక్కడే గోడకి తల బాదీసుకుంతాను!"

"ఒట్టి మాటేనే, కాయితం కోసమే."

"కాయితం కోసం సస్తావేటి? పనసకాయలు మా తమ్ముడే తినీనీ. అరిగినంత తినీనీ!"

ఒక కోడి తప్పించుకుని బల్ల ఎక్కింది. దొర దాన్ని చూసి, గుమాస్తాను చూసి, "పలుకలేదు. కావున విడుదల లేదు" అన్నాడు.

జోగయ్య పంతులు జాలిపడి ఒక ఉపాయం చెప్పాడు. "'బయల్దేరతాను' అననివ్వండి దొరా."

"బయలుదేరినవాడు తిరిగి రావచ్చును. చెల్లదు."

"పోనీ, 'సెలవు' అంటాడండి. పెద్దవాళ్ళం మేమంతా అలాగే అంటాం."

"సెలవా? సెలవు అరువది దినములకు మించదు. తరువాత రావలెను."

పంతులు చేతులెత్తేశాడు. దాలయ్య కాగితం మళ్ళీ తలపాగాలో పెట్టుకున్నాడు. అలా మూడేళ్ళు గడిచాయి. బావమరిది ఇరవై అయిదు కాయలని ఒకసారి, ముప్పై అని ఒకసారి, ఈసారి కొమ్మ విరిగేలా ఉందని మూడోసారి కబురంపాడు.

చివరికి కర్నలు దొరగారికే విరమణ వచ్చింది. ఓడ వచ్చింది. 'పోతాను' అని పలకాలన్న హుకుం అందరికీ వర్తిస్తుందని, దొరలకు మినహాయింపు లేదని హుకుంలో ఆయనే రాసుకున్నాడు. గుమాస్తా గుర్తుచేశాడు. దొర నవ్వాడు. "నాకేమి అభ్యంతరము? రేవున పలికెదను."

రేవున పటాలమంతా బారులు తీరింది. ఆనవాయితీ ప్రకారం దొరను పడవదాకా మొయ్యాల్సింది సిపాయి. ఇప్పుడు అంత బరువు మోసేవాడు ఎవడని చూస్తుంటే, యాభై దగ్గరపడిన దాలయ్యే తలపాగా బిగించుకుని వంగాడు. దొర భుజాలమీద కూర్చున్నాడు. దాలయ్య ఇసుకలో కాళ్ళు ఊనుకుని లేచాడు. వెనక గుమాస్తా నలభై నాలుగో పుస్తకం నెత్తిన పెట్టుకుని నీళ్ళలోకి దిగాడు.

నడుములోతుకు వచ్చారు. పడవ ఎగిరెగిరి పడుతోంది.

"ఇక వ్రాసికొనుము," అని దొర గొంతు సవరించుకున్నాడు. "నేను పో..."

దాలయ్య ఒక్క గుంజీ తీశాడు. కెరటం దొర మెడదాకా వచ్చింది. మిగిలిన అక్షరాలు ఉప్పునీళ్ళతో కలిసి లోపలికి పోయాయి.

"ఏమిది దాలయ్యా!" అన్నాడు దొర దగ్గుతూ.

"సముద్రం మీద అనే మాటేనా అది బాబూ?" దాలయ్యకు ఊపిరి అందడం లేదు. "ఇరవయ్యారేళ్ళు మోసినాను మిమ్మల్ని. ఆ మాటనీసి మీరు పడవెక్కితే, నాను ఒడ్డునుండి ఎలాగ సూడాల?"

పడవ నడిపే తండేలు కూడా అరిచాడు. "ఆ మాటన్న మడిసిని నాను ఎక్కించుకోను! నాకూ పెళ్ళాం పిల్లలున్నారు!"

"అది ఒట్టి మాట గదా," అన్నాడు దొర.

దాలయ్య ఇంకో కెరటం దాటాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఒట్టి మాటే అయితే, మమ్మల్ని ఇన్నేళ్ళు ఎందుకుంచీసినారు బాబూ?"

దొర ఒడ్డువైపు చూశాడు. డెబ్బై ఏళ్ళ సిపాయిలు ఎండలో బారుగా నిలబడి ఉన్నారు. సుబేదారు అత్తగారు డోలీలోంచి చెయ్యి ఊపుతోంది. పొడి ఇసుకలో, ఒకప్పుడు తన పెట్టె దింపిన చోట, ఎవరూ లేరు. కాళ్ళ కింద దాలయ్య ఎముకలు అదురుతున్నట్టు ఆయనకు తెలిసింది.

"దాలయ్యా," అన్నాడు. ఆ తర్వాత అన్న మాటలో వ్యాకరణం లేదు. పంతులు నేర్పినది కాదు, పరీక్షలో రాసినది కాదు. "ఎల్లొత్తాను."

"అలాగే బాబూ," అన్నాడు దాలయ్య. "బద్రంగా ఎల్లి రండి."

"ఏ దినమునకు రాయమంటారు దొరా?" అని గుమాస్తా వెనకనుంచి కేక వేశాడు. పుస్తకం తడవకుండా అతను ఒంటికాలిమీద ఎగురుతున్నాడు.

దొర అతనివైపు చూడలేదు. వంగి దాలయ్య తలపాగాలో చెయ్యి పెట్టి కాగితం తీశాడు. మూడేళ్ళ చెమటకు అది గుడ్డలా మెత్తబడి ఉంది. దాన్ని దాలయ్య నడినెత్తిన పరిచి, గుమాస్తా దగ్గర సీసం కలం లాక్కుని, 'పోతాను అనెనా?' అన్న గడిలో తెలుగులోనే రాశాడు: "వస్తానన్నాడు. వెళ్ళనివ్వండి." కింద సంతకం పెట్టాడు. తర్వాత పడవలోకి దొర్లాడు.

దాలయ్య, పోలమ్మ ఆ సాయంత్రమే ఎర్రమెట్ట దారి పట్టారు.

ఇక కచేరీ ఊరుకుంటుందా? కొత్త కర్నలు పుస్తకం తెప్పించుకుని చూశాడు. 'కర్నలు దొరవారు, వస్తానన్నారు. దినము చెప్పలేదు.' దినము చెప్పనివారికి ఏ రోజన్నది ముందునుంచీ తేలిన విషయమే. అందుకని ప్రతి బుధవారం రేవులో ఒక సిపాయిని, చేతికొక పుస్తకమిచ్చి, పారా వేశారు. లండనునుంచి ఉత్తరం వచ్చింది, దొర అక్కడే ఉన్నాడనీ, విరమణ ఖాయం చెయ్యమనీ. కచేరీ జవాబు రాసింది: "దొరవారు ఇచ్చటికి వచ్చెదనని స్వయముగా సెలవిచ్చియున్నారు. వారు వచ్చి, పోయెదనని ఇద్దరు సాక్షుల యెదుట పలికిన తోడనే వారి విరమణ మంజూరు కాగలదు."

మరుసటి ఏడు పనసలు పండే రోజుల్లో, ఒక బుధవారం, దాలయ్య కావిడి వేసుకుని రేవుకు వచ్చాడు. అటొక కాయ, ఇటొక కాయ.

"ఏటి మావా, ఇలాగొచ్చినావు?" అన్నాడు పారాలో ఉన్న సిపాయి.

"వొత్తానన్నాను గదా. వొచ్చినాను."

సంగతి తెలిసి గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. విడుదలైనవాళ్ళ పుటలో వెతికాడు. తనంతట తాను వచ్చినవాడికి అందులో గడి గీయలేదు. గీయాలంటే చెన్నపట్నం అనుమతి కావాలి. తల గోక్కుని, నువ్వు రాలేదనుకుంటానని చెప్పి, ఒక కాయలోంచి తొనలు నాలుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

దాలయ్య పొడి ఇసుకలో, పూర్వం కుర్రదొర పెట్టె దింపిన చోటే, కావిడి పక్కన కూర్చున్నాడు. సముద్రం మీద ఓడ లేదు. అయినా కూర్చున్నాడు. పొద్దెక్కింది, తిరిగింది. రెండోకాయ ఎవరికని సిపాయి అడిగాడు. దాలయ్య సముద్రంవైపు చూశాడు. పొద్దుగూకేవేళకు దాన్నీ కోసి సగం సిపాయికి పెట్టాడు. అది నిజంగానే తేనెలా ఉంది.

"ఎల్లొత్తాను అల్లుడా," అని కావిడి భుజానికెత్తుకున్నాడు.

సిపాయి చేతికంటిన జిగురు ఇసుకలో తుడుచుకుని పుస్తకం తెరిచాడు. పేరు రాసుకున్నాడు. ఎప్పుడని మాత్రం అడగలేదు.

పొట్నూరు నీలాచలమ్మ
డెబ్బై ఒక్క ఏళ్ళు
ప్రస్తుతం పెదగంట్యాడలో, మా చిన్నమ్మాయి ఇంటి మేడమీది గదిలో ఉంటున్నాను.